నీళ్ల మీద నిలబడ్డ రోజు

సెయింట్ క్లౌడ్, మిన్నెసోటా
జనవరి 25, 1999

వదినా,

నిన్న నేనొక చెరువు మీద నడిచాను. గట్టు మీద కాదు, నీళ్ల మీద. అన్నకు చదివి వినిపిస్తే నవ్వుతాడు, నవ్వనీ. నువ్వు మాత్రం నమ్ము. ఫోన్‌లో చెబుదామనుకున్నాను గానీ, ఫోన్‌లో మన మాటలన్నీ “తిన్నావా, చలిగా ఉందా” దగ్గరే అయిపోతాయి. ఇది కూర్చుని రాయాల్సిన సంగతి.

ఆఫీసులో నా పక్క సీట్లో లొరెయిన్ అని ఒకావిడ ఉంది. అరవై దాటిన మనిషి. రెండువేల సంవత్సరం రాగానే తేదీలు తప్పుతాయని భయపడి ఏ పాత ప్రోగ్రాములు సరిచేయడానికి నన్ను మన హైటెక్ సిటీ నుంచి ఇక్కడికి పంపారో, వాటిని చాలావరకు రాసింది ఈవిడే. పోయిన వేసవిలో భర్త చనిపోయాడు. ప్రతి చలికాలం ఇద్దరూ కలిసి గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టేవాళ్లట. శుక్రవారం ఇంటికి బయల్దేరుతూ నా కుర్చీ పక్కన ఆగి, “ఆదివారం నాతో వస్తావా? ఒక్కదాన్నే వెళ్లలేను” అంది. ఎక్కడికని కూడా అడగలేదు నేను. వస్తానన్నాను.

చెరువంటే మన దుర్గం చెరువంత ఊహించుకోకు. అవతలి ఒడ్డు ఒక పెన్సిలు గీతలా ఉంది. ఇటు నుంచి అటు దాకా అంతా తెలుపు. ఆ తెలుపు మీద ట్రక్కులు నిలిపి ఉన్నాయి వదినా! చిన్న చిన్న చెక్క గుడిసెలు, వాటి కప్పుల్లోంచి పొగ. ఒక కుక్క పరిగెడుతోంది. లొరెయిన్ చక్రాల్లేని ప్లాస్టిక్ బండి మీద సామాను వేసి, దాని తాడు పట్టుకుని, ఒడ్డు దిగి చక్కా వెళ్లిపోయింది. నా కాళ్లు మాత్రం కదలలేదు. “ఆ ట్రక్కుల కంటే బరువున్నావా?” అని వెనక్కి తిరిగి అరిచింది. అప్పుడు దిగాను. మొదటి అడుగు వేసి, రెండో అడుగుకు ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. కింద ఏమీ కదల్లేదు.

ఆమె వడ్రంగులు చెక్కకు చిల్లు పెట్టే బరమా లాంటిదే, పెద్దది, తెచ్చింది. చేత్తో తిప్పుతూ మంచులోకి దింపింది. నీకు తెలుసు కదా, మా అనంతపురంలో బోరు వేయడమంటే ఏమిటో. నాన్న మూడోసారి బోరు వేయించినప్పుడు నేను ఏడో తరగతి. మిషన్ చుట్టూ ఊరంతా నిలబడింది. లోపల్నుంచి తెల్లటి దుమ్ము, దుమ్ము, దుమ్ము. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ఇక్కడ లొరెయిన్ నాలుగు తిప్పులు తిప్పేసరికి, నా మోచేతి లోతులో, గుబుక్కుమని నీళ్లు పైకొచ్చి నా బూట్ల చుట్టూ పరుచుకున్నాయి. నాకు ఏడుపొచ్చేసింది. ఆమెకేమని చెప్పను? కళ్లలో గాలి కొట్టిందన్నాను.

రంధ్రం మీద నల్లటి గుడ్డతో డేరా వేసింది. లోపల కూర్చుని తలుపు మూసుకున్నాక చీకటవుతుందనుకున్నాను. కాలేదు. వెలుతురు కింద నుంచి వచ్చింది వదినా! ఎండ మంచులోంచి దిగి, నీళ్లలో తిరిగి, ఆ రంధ్రంలోంచి ఆకుపచ్చగా మా ముఖాల మీద పడింది. వంగి చూస్తే లోపల నాచు నిలువుగా, అస్సలు కదలకుండా ఉంది. పైన ఊపిరి గడ్డకట్టే చలి. కింద ఇంకొక లోకం, తన పాటికి తాను బతుకుతోంది. ఎంతసేపు అలా చూస్తూ ఉండిపోయానో తెలియదు. లొరెయిన్ రంధ్రంలో తేలిన మంచు ముక్కల్ని చిల్లుల గరిటెతో, మనం గారెలు తీసినట్టు, తీసి పడేస్తోంది.

ఉన్నట్టుండి చెరువు ఈ చివర నుంచి ఆ చివరకు ఉరిమింది. మన మాదాపూర్‌లో రోడ్డు కోసం రాతి గుండ్లు పేలుస్తారు చూడు, ఆ మోత భూమిలో ఎలా పాకుతుందో అలా. నేను ఆమె చెయ్యి పట్టేసుకున్నాను. “చలికి ఒళ్లు విరుచుకుంటోంది, అంతే” అంది.

మేం వచ్చింది క్రాపీ అనే చేప కోసం. అరచేయంత ఉంటుంది. వెండి ఒంటి మీద ఎవరో సిరా విదిల్చినట్టు నల్ల మచ్చలు. దాని మూతి కాగితమంత పల్చన. గాలం గబుక్కున లాగితే మూతి చిరిగి జారిపోతుంది. “నిద్రపోతున్న పిల్ల తల కింద దిండు సర్దుతావే, అలా ఎత్తాలి” అని నేర్పింది. పొద్దు వాలేదాకా ఒక్కటీ రాలేదు. సూర్యుడు చెట్ల మీదికి దిగాక వచ్చాయి. మొదటిది లొరెయిన్‌కే పడింది. దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూసి, మెల్లిగా నీళ్లలో వదిలేసింది. “ఇది ఆయన వంతు” అంది. తర్వాత నాకూ ఒకటి పడింది. గాలం దారం చివర ఆ చిన్న ప్రాణం బరువు నా వేళ్లకు తెలిసింది.

అప్పటికి చీకటి పడబోతోంది. లొరెయిన్ వాళ్లాయన గళ్ల చొక్కా వేసుకుని, దుప్పటి కప్పుకుని ఇది రాస్తున్నాను. వేళ్లు ఇంకా సరిగ్గా వంగడం లేదు, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు. అన్నను అడిగానని చెప్పు.

అశ్విని


మాదాపూర్, హైదరాబాదు
ఫిబ్రవరి 10, 1999

అశ్వినీ,

నీ ఉత్తరం వచ్చింది. మీ అన్నకు చదివి వినిపించాను. గోపన్‌పల్లిలో ప్లాట్లు చూపించి ఎండలో తిరిగి వచ్చి, మంచినీళ్ల చెంబు చేత్తో పట్టుకునే విన్నారు. “నీళ్ల మీద యాడైనా ట్రక్కులు నిలబడతాయా? ఆ పిల్ల మనల్ని ఎగతాళి చేస్తాంది” అన్నారు. కానీ బోరు సంగతి దగ్గరికి వచ్చేసరికి నవ్వడం మానేశారు. చెంబు కింద పెట్టి, ఆ ముక్క మళ్లీ చదవమన్నారు.

మా అమ్మ ఇక్కడే ఉంది. కాలు నొప్పికి దవాఖానలో చూపిద్దామని మన పక్కనున్న రాయదుర్గం నుంచి తీసుకొచ్చాం. మా నాన్నకు కొత్త టవర్ గేటు దగ్గర వాచ్‌మన్ డ్యూటీ, సెలవు దొరకలేదు. నేను చదువుతుంటే అమ్మ పక్కనే బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మొదటి వాక్యానికే చాట పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నేను పిలవలేదు.

ఇక్కడి కబుర్లు పెద్దగా లేవు. మధ్యాహ్నం ఎర్ర జెండా వాడు విజిల్ ఊదుతాడు, గుండ్లు పేలతాయి, వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. నిన్న ఆ మోత వింటూ నీ చెరువు ఉరుము ఇలాగే ఉంటుందా అనుకున్నాను. చాలా బాగా రాశావు. కింద నుంచి వెలుతురు వచ్చిందన్న చోట నేను చదవడం ఆపి కాసేపు కిటికీలోకి చూస్తూ ఉండిపోయాను.

కానీ ఒకటి అడుగుతాను, దాచకు. నువ్వు రెండు స్వెట్టర్లు, పైన కోటు లేకుండా గడప దాటవని నాకు తెలుసు. నేనే కదా సర్ది పంపింది. మరి తిరిగి వచ్చేసరికి చనిపోయిన పెద్దాయన చొక్కా నీ ఒంటి మీద ఎందుకుంది? మరునాడు కూడా వేళ్లు ఎందుకు వంగడం లేదు? చీకటి పడబోతోంది అని రాసి, ఆ పక్క వాక్యంలో దుప్పటి కప్పుకుని కూర్చున్నావు. ఆ రెంటి మధ్య ఏం జరిగింది?

నువ్వు బాగానే ఉన్నావని మొదటి వాక్యంలోనే రాయి. తర్వాత మిగతాది రాయి.

నవనీత


సెయింట్ క్లౌడ్
ఫిబ్రవరి 27, 1999

వదినా,

నేను బాగానే ఉన్నాను. వేళ్లు వంగుతున్నాయి. ఇక మిగతాది.

నాకు చేప పడిన కాసేపటికి బయట పళ్లెం పగిలినట్టు చప్పుడైంది. ఉరుము కాదు, చిన్న చప్పుడు. లొరెయిన్ చేతిలోది పడేసి బయటికి పరిగెత్తింది. మాకు కొంత దూరంలో, చెరువులోకి ఒక వాగు వచ్చి కలిసే చోట, మంచు మీద ఒక మనిషి తల, రెండు చేతులు కనిపించాయి. మిగతా మనిషి నీళ్లలో ఉన్నాడు. ఇంటికి దగ్గర దారి అని అటు నడిచాడట. వాగు కదలడం వల్ల అక్కడ గడ్డ పల్చగా ఉంటుంది. పైన మంచు కప్పి ఉండడంతో తేడా తెలియలేదు.

పక్క గుడిసెలోంచి ఒక ముసలాయన వచ్చాడు. ముగ్గురం కొంతదూరం పరిగెత్తాం. లొరెయిన్ చెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది. ఇంకా ముందుకు వెళ్తే మా కింద కూడా విరుగుతుంది. ఆమె భారీ మనిషి. ఆయనా అంతే. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తర్వాత నన్ను చూశారు.

“నేను నిన్ను పొమ్మని చెప్పను” అంది లొరెయిన్. “వెళ్తానంటే మాత్రం తాడు నీ నడుముకు కడతాను. వదలను.”

కట్టమన్నాను. నేనే అన్నాను వదినా, ఆ గొంతు నాదే. బోర్లా పడుకుని, ఆ ప్లాస్టిక్ బండిని ముందుకు తోస్తూ పాకాను. చెవి మంచుకు ఆనింది. కింద నీళ్లు మాట్లాడుతున్నట్టు వినిపించింది. దగ్గరికి వెళ్లేకొద్దీ గడ్డ నా కింద మెల్లిగా, నవారు మంచంలా, వంగసాగింది. నీళ్లు మోచేతుల మీదికి వచ్చాయి. చలి అనిపించలేదు, కాలినట్టు అనిపించింది.

అతని కళ్లు నీలం. కనురెప్పలకు మంచు పట్టింది. నా వయసే ఉంటుంది. అతను అరవడం మానేశాడు, దానికే నాకు ఎక్కువ భయం వేసింది. “మాట్లాడించు, మాట్లాడించు” అని వెనక నుంచి లొరెయిన్ అరుస్తోంది. నాకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాలేదు. “పట్టుకో, పట్టుకోప్పా, వదలొద్దు” అంటూ ఉండిపోయాను. మా ఊళ్లో పిలిచినట్టే పిలిచాను. అతనికి ఏం అర్థమైందో గాని, ఒక చెయ్యి ఎత్తి బండి అంచు మీద వేశాడు. తర్వాత రెండోది. నేను చెయ్యి పైకెత్తాను. వాళ్లిద్దరూ తాడు లాగారు.

నేను, బండి, అతను ముగ్గురం జర్రున వెనక్కి వచ్చేశాం. గట్టి మంచు మీద అతను బోర్లా పడి ఉన్నాడు. అతని ఒంట్లోంచి ఆవిరి లేస్తోంది. పొద్దు అప్పుడే కుంకింది, ఆకాశం అంతా గులాబీ రంగు, ఆ రంగులో ఆ ఆవిరి నిలువుగా పైకి పోతోంది. నేను ఆ ఆవిరినే చూస్తూ కూర్చున్నాను. లోపల వెచ్చగా ఉంటేనే కదా అది వస్తుంది! నా జన్మలో అలాంటిది చూడలేదు. కంబళి కప్పి ట్రక్కులో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ట్రక్కులో కళ్లు తెరిచి నా పేరు అడిగాడు. అతని పేరు ఎరిక్. మూడో రోజుకు ఇంటికి పంపేశారట. నా స్వెట్టర్లు, కోటు తడిసి అట్టకట్టాయి, అందుకే లొరెయిన్ ఆ చొక్కా తొడిగింది.

ధైర్యం అనకు. ధైర్యం చేస్తున్నానని తెలిస్తే చేసేదాన్ని కాదు.

నీకెందుకు దాచానంటే, నీకు నీళ్లంటే భయమని. సంపు నిండి పొర్లితే ఉలిక్కిపడతావు. సాయంత్రం దుర్గం చెరువు వైపు నడుద్దామంటే ప్రతిసారీ నీకు తలనొప్పి. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడూ అడగడం లేదు. నా వల్ల నీకు నిద్ర పట్టకుండా పోతుందేమోనని, అంతే.

అశ్విని


మాదాపూర్
మార్చి 15, 1999

అశ్వినీ,

నువ్వు అడగలేదు. అయినా చెబుతాను.

మా అన్న జ్వరంతో పోయాడని మీ అందరికీ చెప్పాం. మీ అన్న రాయదుర్గంలో మా ఇంట్లో కిరాయికి దిగినప్పుడూ అదే చెప్పాం, పెళ్లి మాటలప్పుడూ అదే చెప్పాం. అది నిజం కాదు. మా అన్న దుర్గం చెరువులో పోయాడు.

నేను అప్పుడు చిన్నదాన్ని. అన్నకు పదహారేళ్లు. మా బర్రె ఒకటి లోతుకు పోయిందని దాని వెనక దిగాడు. బర్రె అవతలి ఒడ్డుకు ఎక్కింది. అన్న ఎక్కలేదు. చుట్టూ గుండ్ల మీద ఎంతోమంది ఉన్నారు. ఒకరు తాడు తెమ్మన్నారు, ఒకరు ఈత వచ్చినవాళ్లను పిలవమన్నారు. అన్న చెయ్యి రెండుసార్లు పైకి కనిపించింది. నేను ఒక గుండు మీద నిలబడి చూశాను. అందరూ మంచివాళ్లే అశ్వినీ. అందరూ ఏడ్చారు. కానీ అందరూ ఒడ్డు మీదే ఉన్నారు.

ఆ రోజు తర్వాత అన్న పేరు అమ్మ ఎత్తలేదు. ఎవర్నీ ఎత్తనివ్వలేదు. నాన్న ఒకసారి తాగి ఆ పేరుతో పిలిస్తే, పొయ్యి మీది కుండ తీసి నేలకు కొట్టింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఆ పేరు లేదు. అందుకే జ్వరం అని చెప్పాం, జ్వరం అంటే ఎవరూ ఇంకేమీ అడగరు.

నీ ఉత్తరం వచ్చిన రోజు మీ అన్న ఇంట్లో లేరు. నాలో నేనే చదువుకుంటున్నాను. మధ్యలో ఆపి కాగితం మడిచేయడం అమ్మ చూసింది.

“ఏందే, ఏం రాసింది పిల్ల?”

“ఏం లేదమ్మా.”

“ఏం లేకపోతే గట్లెందుకు మడుస్తున్నవ్? పైకి సదువు.”

చదివాను. ఆపాలనుకున్న ప్రతిచోటా “ఊఁ” అన్నది. నువ్వు పాకిన దగ్గర తన చీర కొంగు నోట్లో కుక్కుకుంది. తాడు లాగారు అన్న మాట దగ్గర నా మోకాలు పట్టుకుంది.

“ఒచ్చిండా?”

“వచ్చిండమ్మా.”

“సోయిల ఉన్నడా?”

“ఉన్నడు. మాట్లాడిండట. అశ్విని పేరు అడిగిండట.”

“మల్ల సదువు” అన్నది అమ్మ. మళ్లీ చదివాను. మూడోసారి ఆవిరి వచ్చిందన్న ఒక్క ముక్కే చదివించుకుంది. ఆ ముక్క వింటూ, ఎదురుగా ఎవరో ఉన్నట్టు, గాలిలో చెయ్యి పెట్టి చూసింది.

“నీళ్లల్ల పడ్డోడు ఒస్తడా బిడ్డా? నిజంగ ఒస్తడా?” అన్నది. ఆ గొంతులో ఏడుపు లేదు. ఏదో పెద్ద వింత విన్న చిన్నపిల్ల గొంతు.

పొద్దున్నే లేచి మళ్లీ అడిగింది. “ఆ పోరనికి తల్లి ఉన్నదా? ఉంటే ఎట్లున్నదో జర అరుసుకొమ్మని రాయి. కొడుకు ఇంట్లకు నడిసొస్తే ఆమె ఏం జేసిందో అడుగుమను.”

కనుక్కో అశ్వినీ. నాకు కోపం లేదు. నిద్ర కూడా పట్టింది.

నవనీత


సెయింట్ క్లౌడ్
ఏప్రిల్ 3, 1999

వదినా,

నీ ఉత్తరం చదివి ఏం రాయాలో తెలియక కొన్నాళ్లు ఊరుకున్నాను. ఇప్పటికీ తెలియదు. అత్తమ్మ అడిగిన పని మాత్రం చేశాను.

ఎరిక్‌కు తల్లి ఉంది. పేరు ఐరీన్. ఊరికి అవతల ఆవుల ఫారం. పోయిన ఆదివారం లొరెయిన్, నేను వెళ్లాం. ఆ రోజు ఆసుపత్రి నుంచి కొడుకు వస్తే ఏం చేశారని అడిగాను. ఆమె “తిట్టాను” అంది. “బూట్లు విప్పకుండా వంటింట్లోకి వచ్చాడని తిట్టాను. తర్వాత ఆ బురద అడుగులు రెండు రోజులు తుడవలేదు.”

అప్పుడు అత్తమ్మ సంగతి చెప్పాను. నా ఉత్తరం మూడుసార్లు చదివించుకుందని, నీళ్లలో పడ్డవాడు నిజంగా వస్తాడా అని అడిగిందని. మీ అన్న సంగతి కూడా చెప్పాను. చెప్పొచ్చో లేదో తెలియదు, చెప్పేశాను. ఐరీన్ లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. ఎరిక్ టోపీ తీసి చేత్తో పట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. ఎక్కడి రాయదుర్గం, ఎక్కడి ఈ ఆవుల కొట్టం వదినా! ఆ వంటింట్లో అత్తమ్మ కూడా మాతో కూర్చున్నట్టే ఉంది.

వచ్చేస్తుంటే ఐరీన్ గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుంది. “ఆ అబ్బాయి పేరేమిటి?” అంది. నాకు తెలియదన్నాను. “అడిగి చెప్పు. రోజూ మా వాడి పేరు తలుచుకుని దేవుడికి దండం పెట్టుకుంటాను. ఇకనుంచి ఆ పేరు కూడా తలుచుకుంటాను. ఆమె ఒప్పుకుంటేనే.”

ఎరిక్, తల్లి కలిసి ఉన్న ఫోటో ఇచ్చారు, దీంతో పంపుతున్నాను. అత్తమ్మకు ఇవ్వు. పేరు మాట చెప్పాలో వద్దో నువ్వే చూడు. బలవంతం లేదు.

చెరువు మీద ఇప్పుడు ఎవరూ నడవడం లేదు. అంతా కరిగిపోయింది. నిన్న వెళ్లి చూస్తే అలలు కొడుతున్నాయి. నేను పాకిన చోటు ఏదో గుర్తుపట్టలేకపోయాను.

అశ్విని


రాయదుర్గం
ఏప్రిల్ 20, 1999

అశ్వినీ,

ఫోటో అందింది. కాలు నయమై అమ్మ రాయదుర్గం వెళ్లిపోయింది కాబట్టి, నేనే నిన్న సాయంత్రం తీసుకుని వెళ్లాను. రాత్రి అక్కడే ఉండిపోయాను. ఇది అమ్మ ఇంట్లో కూర్చునే రాస్తున్నాను.

అమ్మ ఫోటోను వెలుతురుకు పట్టుకుని చూసింది. ముందు ఎరిక్‌ను కాదు, ఐరీన్‌ను చూసింది. “సన్నగున్నది. పనిజేసే మనిషే” అన్నది. తర్వాత పిల్లవాడి ముఖం మీద వేలు పెట్టింది. బురద అడుగులు తుడవలేదన్న మాట చెబితే తల ఊపింది. “నేనైనా తుడువను” అన్నది.

పేరు మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. కుండ పగలడం నేను చూశాను కదా. చివరకు గోడ వైపు చూస్తూ చెప్పేశాను. అన్న పేరు ఆమె అడిగిందమ్మా, రోజూ దండం పెట్టుకుంటదట, నువ్వు సరే అంటేనే అని.

అమ్మ ఫోటోను ఒళ్లో పెట్టుకుంది. నాన్న డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం చొక్కా గుండీలు విప్పుకుంటూ గుమ్మంలో నిలబడి విన్నాడు.

“యాదగిరి” అన్నది అమ్మ.

మొదట సగమే పలికింది. దగ్గి, మళ్లీ గట్టిగా అన్నది. “నా కొడుకు పేరు యాదగిరి. రాయి. ఆమెకు నోరు తిరుగుతదో లేదో, యాదయ్య అన్నా సరే. మేం యాదయ్య అనే పిలుస్తుంటిమి.”

నాన్న అక్కడే గడప మీద కూలబడ్డాడు. నేను ఏడవలేదు అశ్వినీ, ఆశ్చర్యం నన్ను ఏడవనివ్వలేదు. ఇన్నేళ్లు లేని పేరు ఆ చిన్న ఇంట్లోకి అలా నడిచి వచ్చేసింది. గోడలు, గిన్నెలు, నాన్న ముఖం, అన్నీ నాకు కొత్తగా కనిపించాయి. అమ్మ ఆగలేదు. యాదయ్యకు చింతచిగురు ఉంటే కూర అక్కర్లేదట. బడికని పోయి గుండ్ల మీద పడుకునేవాడట. నాకు నడక నేర్పింది వాడేనట, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ఆ బర్రె పేరు కూడా చెప్పింది. దాని మీద పెట్టుకున్న కోపం అంతా నిన్నటితో దించేసుకున్నట్టు, “అది మాత్రం ఏం జేస్తది, నోరులేని జీవం” అన్నది.

తెల్లవారి లేచినా అదే ముచ్చట. మీ అన్న నన్ను తీసుకెళ్లడానికి స్కూటరు మీద వచ్చి, వాకిట్లో నిలబడి, నా ముఖం చూసి ఏమైందని కళ్లతోనే అడిగారు. లోపలికి రమ్మని కూర్చోబెట్టాను. అమ్మ అల్లుడికి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

ఈ ఉత్తరం పోస్టులో వేసి ఇంటికి పోవాలి, గానీ లేవాలని లేదు. బయట నాన్న, యాదయ్య మొదటిసారి పట్నం చూసిన రోజు గురించి ఏదో అంటున్నాడు. అమ్మ ఆయన్ని మాట్లాడనివ్వడం లేదు. “గట్ల కాదు, నీకు యాది లేదు. నువ్వు ఊకో, నేను చెప్త” అంటున్నది.

నవనీత